నూటికి నెలకెంత? చిన్న ఆదాయంతో పిల్లల్ని పెంచే ఇంటి అప్పుల లెక్క

ఒకే ఇంట్లో ఉన్న అయిదు అప్పులు అయిదు రకాలుగా మాట్లాడతాయి. పొదుపు సంఘానికి ఇచ్చిన అప్పును బ్యాంకు ఏడాదికి ఏడు శాతం అంటుంది. మైక్రోఫైనాన్స్ సంస్థ తరఫున వచ్చినవారు నెలకు 2,380 రూపాయలు కడితే చాలంటారు. తాకట్టు కొట్టులో రెండు రూపాయల వడ్డీ అంటారు. ప్రామిసరీ నోటు రాయించుకుని చేతికి డబ్బిచ్చిన ఆసామి అయిదు రూపాయలు అంటాడు. సాయంత్రం బండి మీద వచ్చే రోజువారీ ఫైనాన్స్ కుర్రాడు రోజుకు వందే కదా అంటాడు. వీటిలో ఏది ఎక్కువ ఖరీదైనదో, ఏది ముందు తీర్చాలో తల్లికీ తండ్రికీ తేలడం లేదంటే అది వారి తెలివితక్కువతనం కాదు. ఒకదానితో ఒకటి పోల్చడానికి వీలులేని మాటల్లో వాటిని చెబుతున్నారు, అంతే.

ఇలాంటి ఇళ్ల గురించి రాసేటప్పుడు చాలామంది పొదుపు పాఠంతో మొదలుపెడతారు. బయట టీ మానండి, సినిమాలు తగ్గించండి అంటారు. నెలకు ఇరవై, ఇరవై అయిదు వేలతో ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న ఇంట్లో అలా తగ్గించడానికి మిగిలి ఉన్నది చాలా తక్కువని నా అభిప్రాయం. అక్కడ అసలు చిక్కు వేరు. డబ్బు రోజుకింత చొప్పున విడివిడిగా వస్తుంది, ఖర్చు మాత్రం ఒక్కసారిగా మీద పడుతుంది. జూన్‌లో బడి ఫీజు, వానల్లో పని లేని వారాలు, అకస్మాత్తుగా ఆసుపత్రి. ఈ రెంటి మధ్య ఖాళీని పూడ్చేది అప్పే. కాబట్టి అప్పు ఉండటం సిగ్గుపడాల్సిన విషయం కాదు. 2019 నాటి జాతీయ నమూనా సర్వేలో అప్పున్న వ్యవసాయ కుటుంబాలు దేశం మొత్తం మీద సగమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో దాదాపు 92 శాతం. తేల్చుకోవలసిందల్లా ఒక్కో అప్పు ఇంటి నుంచి నిజంగా ఎంత తీసుకుపోతోందన్నదే.

దానికి మన వాడుకలోనే చక్కని కొలత ఉంది: నూటికి నెలకు ఎన్ని రూపాయలు. ప్రతి అప్పునూ ఈ కొలతలోకి తెచ్చుకుంటే సగం చిక్కు విడిపోతుంది. ఏడాదికి ఏడు శాతమంటే నూటికి నెలకు అరవై పైసల లోపు. ఏడాదికి 24 శాతమంటే రెండు రూపాయలు. అయిదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం. బండికో ఫోనుకో ఇచ్చే కొన్ని ఫైనాన్సుల్లో ఇంకో మెలిక ఉంటుంది. 40,000 ఇచ్చి, ఏడాదికి 12 శాతమే వడ్డీ అని చెప్పి, రెండేళ్ల వడ్డీ 9,600 కలిపి, మొత్తాన్ని 24 వాయిదాలుగా పంచుతారు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీని మాత్రం మొదటి రోజు 40,000 మీదే లెక్కకట్టారు కాబట్టి, రూపాయి వడ్డీగా వినిపించింది నిజానికి దాదాపు రూపాయి ఎనభై పైసలు పడుతుంది.

రోజువారీ ఫైనాన్స్ లెక్క అన్నింటికంటే మోసకరమైనది. తెలంగాణలో దీన్నే గిరిగిరి అంటారు. పదివేలు రాసుకుని, ముందే వెయ్యి కోసుకుని, తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పదివేలకు వెయ్యే కదా, పది శాతమే కదా అనిపిస్తుంది. అయితే ఆ తొమ్మిది వేలు వంద రోజులూ మన దగ్గర ఉండవు. మర్నాటి నుంచే తగ్గిపోతాయి. సగటున చూస్తే మన చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. నాలుగున్నర వేలకు వంద రోజుల్లో వెయ్యి రూపాయలంటే ఏడాదికి దాదాపు 80 శాతం, అంటే నూటికి నెలకు ఆరున్నర రూపాయల పైమాటే. వంద రోజులు పూర్తికాకముందే మళ్లీ తీసుకుంటే ఇంకా దారుణం. యాభయ్యో రోజున పాత బాకీ అయిదు వేలు మినహాయించుకుని, కొత్త పదివేలకు మళ్లీ వెయ్యి కోసుకుంటారు. చేతికి వచ్చేది నాలుగు వేలు. ఆ నాలుగు వేల కోసం ఆ నిమిషంలో ఇచ్చుకున్నది వెయ్యి.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క మొత్తం చూద్దాం. ఇది ఊహించి రాసిన కుటుంబమే అయినా ఇందులోని అంకెలు ఏ వీధిలోనైనా ఎదురయ్యేవే. విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక అద్దె ఇల్లు అనుకుందాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కింది వాటాలు మునిగిన ప్రాంతమది. తండ్రి గోడలకు రంగులు వేస్తాడు, రోజుకు 800. నెలలో సగటున ఇరవై రోజులు పని. తల్లి రెండు ఇళ్లలో వంట చేసి 8,000 తెస్తుంది. మొత్తం 24,000. అద్దె 5,000, కిరాణా 4,500, పాలు, కూరలు, గుడ్లు కలిపి 3,500, గ్యాసు, కరెంటు 1,400, రెండు ఫోన్లు 600, పెట్రోలు 1,500, మందూమాకూ 500. ఇదంతా 17,000. మిగిలేది 7,000.

అప్పులు చూస్తే, సంఘం ద్వారా తీసుకున్న 80,000లో ఇంకా 55,000 ఉంది, నెల వాయిదా 2,470. మైక్రోఫైనాన్స్‌లో తీసుకున్నది 45,000, మిగిలింది దాదాపు 30,000, వాయిదా 2,380. వరద తర్వాత బండి బాగుచేయించడానికీ, తడిసిపోయిన సామాను మళ్లీ కొనడానికీ తల్లి గొలుసు తాకట్టు పెట్టి 50,000 తెచ్చారు, రెండు రూపాయల వడ్డీకి నెలకు వెయ్యి. నోటు మీద 20,000, అయిదు రూపాయల వడ్డీకి నెలకు ఇంకో వెయ్యి. రోజువారీ ఫైనాన్స్‌కు నెలకు 3,000. అన్నీ కలిపితే నెలకు 9,850. మిగిలేది 7,000, కట్టవలసింది 9,850. అంటే ఏ తప్పూ చేయకుండా, ఎవరికీ జబ్బు చేయకుండా, అన్నీ సవ్యంగా నడిచిన నెలలో కూడా ఈ ఇంటికి 2,850 రూపాయల లోటు పడుతుంది. ఆ లోటే కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలోకి ఎక్కుతుంది. అక్కడ పరిమితి దాటితే రోజువారీ ఫైనాన్స్ మళ్లీ తిరగరాసుకోవడంతో పూడుతుంది. అప్పు తీర్చడానికి అప్పు చేయడమని మనం తప్పుగా చెప్పుకునేదాని వెనుక ఉన్న లెక్క ఇదే. దుబారా దీనికి కారణం కాదు.

ఇక్కడ చట్టం ఏం చెబుతుందో చూడాలి, ఎందుకంటే చాలామంది దాన్నే భరోసాగా తీసుకుంటారు. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల నడుమ ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ తర్వాత ఈ వ్యాపారానికి దేశమంతటా నియమాలు మారుతూ వచ్చాయి. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చేది మైక్రోఫైనాన్స్ రుణం. ఆ కుటుంబం కట్టే అన్ని వాయిదాలూ కలిపి నెలసరి ఆదాయంలో సగానికి మించకూడదు. మన ఉదాహరణలో ఆ సగం 12,000. ఇల్లు కడుతున్నది 9,850. నియమం ప్రకారం ఈ ఇల్లు సురక్షితం, కానీ నెలకు 2,850 లోటుతో మునిగిపోతోంది. పరిమితిని ఆదాయం మీద పెట్టారు, తిండికీ అద్దెకూ పోగా మిగిలేదాని మీద పెట్టలేదు. పైగా అప్పు ఇచ్చేవారి కంప్యూటర్‌లో మహా అయితే మొదటి రెండు అప్పులే కనబడతాయి. తాకట్టు కొట్టు, నోటు, రోజువారీ ఫైనాన్స్ ఏ రికార్డులోకీ ఎక్కవు. అందువల్ల ఈ ఇంటికి ఇంకా ఏడు వేల వాయిదా కట్టే స్తోమత ఉన్నట్టు లెక్క తేలుతుంది, ఇంకో అప్పు తీసుకోమని ఫోను వస్తుంది. అర్హత ఉందని వారు చెబితే దానికి అర్థం వారి నియమాలకు అడ్డు లేదనే. కట్టగలమా లేదా అన్నది మన కాగితం మీదే తేలాలి.

ఆ కాగితం మీద సగటు నెలను రాసుకోవడం రెండో పొరపాటు. రంగుల పని వానాకాలంలో పన్నెండు రోజులకు పడిపోతుంది. అప్పుడు తండ్రి తెచ్చేది 9,600, ఇల్లు మొత్తం మీద 17,600. ఖర్చులు పోగా మిగిలేది 600. వేసవిలో ఇరవై అయిదు రోజులు పని దొరికితే మొత్తం 28,000. వాయిదా మాత్రం అన్ని నెలల్లోనూ ఒకటే. ఆటో, కూలి, టైలరింగ్, చేపల అమ్మకం, ఏ పనికైనా ఇలాంటి ఎండు నెల ఒకటి ఉంటుంది. కొత్త వాయిదా ఒప్పుకునే ముందు చూడవలసింది ఆ నెలనే. మంచి నెలలో కాస్త ఎక్కువ వచ్చినప్పుడు దాంట్లోంచి ఎండు నెల వాయిదా ఒక్కటైనా విడిగా తీసి పెట్టగలిగితే, వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లే అవసరం ఒకసారికి తప్పుతుంది.

డబ్బు చాలనప్పుడు ఎవరికి ముందు కట్టాలన్నది అన్నింటికంటే కష్టమైన ప్రశ్న. ఆచరణలో దీనికి జవాబు ఇచ్చేది గొంతు. ఎవరు గట్టిగా అరిస్తే వారికి ముందు కడతాం. ఎవరు గుమ్మంలో కూర్చుంటే వారికి ముందు కడతాం. బ్యాంకు అరవదు, సంఘం లీడరు మన వీధి మనిషే కాబట్టి ఓ వారం ఆగుతుంది, అందుకని సంఘం వాయిదా వెనక్కి పోతుంది. నష్టం ఎక్కువ జరిగేది అక్కడే. జాతీయ గ్రామీణ జీవనోపాధి పథకం కింద మహిళా సంఘాలకు మూడు లక్షల వరకు ఏడు శాతానికి రుణం దొరుకుతుందంటే, వడ్డీలో కొంత ప్రభుత్వం భరించడం వల్లనే. రాష్ట్రాలు ఇచ్చే వడ్డీ రాయితీలూ సకాలంలో కట్టిన సంఘాలకే వర్తిస్తాయి. ఒక్కరు ఆలస్యం చేస్తే సంఘం మొత్తానికి వచ్చే తదుపరి రుణం ఆగిపోవచ్చు. నూటికి అరవై పైసలకు దొరికే అప్పు దారి మూసుకుపోతే, మిగిలేది ఆరున్నర రూపాయల దారే.

నా లెక్కలో క్రమం ఇలా ఉండాలి. మొదట తిండి, అద్దె, కరెంటు, పిల్లల బడి. ఇవి అప్పు కంటే ముందు, ఇందులో మొహమాటం అక్కరలేదు. తర్వాత సంఘం. ఆ తర్వాత, కట్టకపోతే వస్తువు పోయే అప్పు, అంటే బంగారం మీదిది, బండి మీదిది. మిగిలినదంతా నూటికి నెలకు ఎక్కువ పడుతున్నదాని మీదకి పోవాలి. అయితే రోజువారీ ఫైనాన్స్ విషయంలో ఒక మినహాయింపు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. దాని వడ్డీ ముందే కోసేసుకున్నారు కాబట్టి ముందుగా తీర్చినా సాధారణంగా పైసా తగ్గదు. దాన్ని ఆదరాబాదరాగా తీర్చడంలో లాభం లేదు, వంద రోజులు పూర్తయ్యాక మళ్లీ తీసుకోకపోవడంలోనే లాభమంతా ఉంది.

సింగ్‌నగర్ ఇంటికి తిరిగి వద్దాం. ఆ ఇంట్లో కదలని అప్పులు రెండు, గొలుసు మీద 50,000, నోటు మీద 20,000. రెంటికీ కలిపి నెలకు 2,000 పోతున్నా అసలులో ఒక్క రూపాయి తరగడం లేదు. బ్యాంకుల్లో బంగారం రుణం ఏడాదికి పది శాతం అటూ ఇటుగా దొరుకుతుంది, అంటే నూటికి నెలకు ఎనభై మూడు పైసలు. బంగారం ధర పెరిగింది కాబట్టి పాత తాకట్టు మీద ఇచ్చినదానికంటే అదే గొలుసు మీద ఇప్పుడు ఎక్కువ వచ్చే వీలుంది. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాలు రెండున్నర లక్షల లోపు రుణానికి విలువలో 85 శాతం వరకు అనుమతించాయి. ఆ గొలుసు మీద బ్యాంకులో 70,000 తీసుకుని, కొట్టు బాకీ, నోటు బాకీ రెండూ తీర్చేస్తే నెల వడ్డీ 2,000 నుంచి 583కి దిగుతుంది. రోజువారీ ఫైనాన్స్ కూడా పూర్తయి మళ్లీ తీసుకోకపోతే నెలకు కట్టవలసింది 5,433. అప్పుడు 2,850 లోటున్న చోట 1,567 మిగులుతుంది. ఆదాయం ఒక్క రూపాయి కూడా పెరగకుండానే వచ్చిన తేడా ఇది.

చెప్పినంత సులువుగా జరగదని తెలుసు. గొలుసు ముందు కొట్టు నుంచి విడిపించాలి, దానికి 50,000 ఒకటి రెండు రోజుల కోసం కావాలి. కొందరు సంఘం అంతర్గత పొదుపు నుంచి తీసుకుని బ్యాంకు డబ్బు రాగానే తిరిగి జమ చేస్తారు. వస్తువులు విడివిడిగా తాకట్టులో ఉంటే ఒక్కొక్కటిగా మార్చుకుంటారు. రోజువారీ కట్టుబడి పూర్తయ్యేదాకా ఒకటి రెండు నెలలు బిగువు తప్పదు. ఇంకొక హెచ్చరిక కూడా ఉంది. బంగారం మీద ఎక్కువ తీసుకోవడం ఖరీదైన బాకీ తీర్చడానికి మాత్రమే సరైనది. అందులో అయిదు వేలు పండగకో ఫోనుకో మళ్లితే ఆ గొలుసు వేలానికి ఒక అడుగు దగ్గరవుతుంది. నోటు బాకీ తీర్చిన రోజున నోటు తిరిగి చేతికి తీసుకోవాలి, చెల్లు రాయించుకోవాలి. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం పెట్టి ఇస్తే అందులో అంకె నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టేనని చట్టం భావిస్తుంది. కాబట్టి ఎంత తెలిసినవారైనా, ఎంత తొందరలో ఉన్నా, అంకె రాయని నోటు మీద, అంకె రాయని చెక్కు మీద సంతకం చేయకూడదు.

జూన్ నెల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అది ఏటా వచ్చేదే అయినా ఏటా హఠాత్తుగా వచ్చినట్టే ఉంటుంది. పెద్దపిల్ల మున్సిపల్ బడిలో, చిన్నవాడు ప్రైవేటులో చదువుతుంటే, ఫీజు 20,000, పుస్తకాలు, బ్యాగులు, బూట్లకు ఇంకో ఏడు వేలు అనుకుందాం. ఏడాదికి 27,000 అంటే నెలకు 2,250. అప్పులు సర్దుకున్నాక మిగిలిన 1,567 దీనికి ఇంకా చాలదు. మైక్రోఫైనాన్స్ వాయిదాలు అయిపోయేదాకా ఈ కొరత ఉంటుంది, దాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అర్హత ఉన్న తల్లులకు తల్లికి వందనం కింద 2025లో ఒక్కో బిడ్డకు 13,000 ఖాతాలో పడ్డాయి. ఆ డబ్బు ఏ ఖాతాలో పడుతుందన్నది ముఖ్యం. వాయిదాలు దానంతట అవే కోసుకునే ఖాతాలోనే అది పడితే, పాత బకాయిలు, చెల్లని వాయిదాలకు వేసిన జరిమానాలు కలిపి ఆ రాత్రికే కొంత తరిగిపోతుంది. పిల్లల డబ్బు పడే ఖాతా, వాయిదాలు పోయే ఖాతా వేరువేరుగా ఉండాలి. ఫీజును ఒక్కసారిగా కాక మూడు నాలుగు విడతల్లో కడతామని బడి తెరిచేముందే, ఏప్రిల్‌లోనే అడగాలి. జూన్ రెండో వారంలో అడిగితే మన మాటకు బలం ఉండదు.

చీటీ వేసి జూన్‌కు ముందు పాడుకోవడం మనవాళ్ల పాత ఉపాయం, మంచి ఉపాయమే. ఇరవై మంది నెలకు 2,500 చొప్పున వేసే 50,000 చీటీని మూడో నెలలో 38,000కు పాడుకుంటే, ఆ వదులుకున్న 12,000 మనం ఇచ్చుకున్న వడ్డీ. చివరి దాకా ఆగినవారికి అదే పొదుపు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైన చీటీలో నిర్వాహకుడి కమీషన్ ఏడు శాతం దాటకూడదు, గొడవ వస్తే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లవచ్చు. నమోదు కాని వీధి చీటీకి ఆ దారి ఉండదు.

ఆసుపత్రి గురించి రెండు మాటలు. నోటు బాకీల్లో చాలావాటి మూలం అక్కడ ఉంటుంది. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద చేరే ఆసుపత్రి ఏదో జబ్బు రాకముందే తెలుసుకుని ఉండాలి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలకు ప్రమాద బీమా, 436 రూపాయలకు జీవిత బీమా, రెండూ రెండేసి లక్షలకు దొరుకుతాయి. నిచ్చెనల మీద నిలబడి పనిచేసే తండ్రి ఉన్న ఇంట్లో ఈ 456 రూపాయలు మొదటి వరసలో ఉండాలి.

ఇక గుమ్మం దగ్గర జరిగేది. తలుపు కొడతారు. లోపల గుసగుసలు. ఎనిమిదేళ్ల పిల్లవాడిని ముందుకు తోస్తారు. వాడు తలుపు కొంచెం తెరిచి, నాన్న ఇంట్లో లేడండీ అంటాడు. ఆ మాట చిన్నప్పుడు నేనూ చెప్పాను. వచ్చినాయన నా భుజం మీంచి లోపలికి చూశాడు, గోడకు తగిలించిన నాన్న చొక్కా ఆయనకు కనబడింది, ఆయనకు కనబడిందని నాకు తెలిసింది. ఆ రోజు ఇంటికి ఎంత బాకీ ఉందో నాకు గుర్తులేదు, ఆ చొక్కా గుర్తుంది.

మైక్రోఫైనాన్స్ రుణం వసూలుకు ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోను చేయడాన్ని రిజర్వు బ్యాంకు నిషేధించింది. బెదిరించడం, దుర్భాషలాడటం, బంధువులనూ స్నేహితులనూ వేధించడం కూడా నిషేధమే. వసూలు ముందే ఒప్పుకున్న చోట జరగాలి, వరసగా రెండుసార్లు మనం అక్కడికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. రుణాన్ని ముందుగా తీర్చితే జరిమానా వేయకూడదు. ఆలస్యానికి వేసే జరిమానా ఆగిన వాయిదా మీదే తప్ప మొత్తం బాకీ మీద కాదు. సంస్థ ఫిర్యాదు పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, 14448కి ఫోను చేయవచ్చు. ఫోన్లోని ఫొటోలతో, పరిచయస్తుల నంబర్లతో బెదిరించే లోన్ యాప్‌ల మీద సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పాలి. నోటు, చెక్కు కేసులకు న్యాయ సేవాధికార సంస్థ ఉంది, నంబరు 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

వాయిదా కట్టలేని నెలలో గడువుకు రెండు మూడు రోజుల ముందే తండ్రో తల్లో స్వయంగా వెళ్లి, ఈ నెల ఇంతే ఇవ్వగలం, మిగిలింది ఫలానా తేదీకి ఇస్తాం అని చెప్పి, ఇచ్చినదానికి రసీదు తీసుకోవాలి. తలుపు కొట్టినప్పుడు పెద్దవాళ్లే తీయాలి. పదేళ్లు దాటిన పిల్లలకు ఇంట్లో అప్పుందని, దానికి ఒక లెక్క ఉందని, అది ఏ నెలకు తీరుతుందో కాగితం మీద చూపించి చెప్పవచ్చు. సింగ్‌నగర్ ఇంటి లెక్కలో మైక్రోఫైనాన్స్ వాయిదాలు ఇంకా పదిహేను ఉన్నాయి. ఆ పదిహేను గళ్లు గీసి గోడకు అంటిస్తే, నెలకొకటి కొట్టివేసే పని ఆ ఇంటి పెద్దపిల్లకు అప్పగించవచ్చు.